బొమ్మల కొలువు: వేషం కట్టిన పిల్లి

గత సంచికలో ఒపేరా పాత్రల వేషాలు వేసుకున్న పిల్లుల నీటిరంగుల బొమ్మలను రెండు పుటల్లో ప్రచురించాము. కథంతా దాదాపు పాటలోనే నడిచే పాశ్చాత్య సంగీత నాటకాన్ని ఒపేరా అంటారు. మన పద్యనాటకానికి దూరపు చుట్టం అనుకుంటే పెద్ద తప్పేమీ లేదు. కాకపోతే అక్కడ హార్మోనియం స్థానంలో పెద్ద వాద్యబృందమే కూర్చుంటుంది. ఆ బొమ్మలు చూసి నగరపు నలుమూలల నుంచి పాఠకులు రాసిన ఉత్తరాలలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా పుట్టినరోజుకు మా కోడలు ఒక బొమ్మను పటం కట్టించి ఇచ్చింది. అందులో లావుపాటి పిల్లి తలకు రెక్కల శిరస్త్రాణం, ఒంటికి కవచం, చేతిలో ఈటె ఉన్నాయి. చూసినప్పుడల్లా నవ్వు వస్తుంది గానీ, అదెవరని ఇంటికి వచ్చినవాళ్ళు అడిగితే చెప్పలేకపోతున్నాను. — ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: మీ ఇంటి గోడనెక్కిన ఆ వీరనారి పేరు బ్రూన్‌హిల్డె. జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ నాలుగు రోజులు ఆడేలా రచించిన ‘నీబెలుంగ్ ఉంగరం’ అనే ఒపేరా మాలికలో ఆమె దేవతల రాజు కూతురు. యుద్ధభూమిలో నేలకొరిగిన వీరులను ఏరి స్వర్గానికి చేర్చడం ఆమెకూ ఆమె చెల్లెళ్ళకూ అప్పగించిన పని. తండ్రి ఆజ్ఞ మీరినందుకు చుట్టూ మంటలు రగులుతుండగా కొండమీద నిద్రపోవలసిన శిక్ష పడుతుంది. 1876లో జర్మనీలోని బైరాయిట్ అనే ఊళ్ళో ఆ మాలికను మొదటిసారి మొత్తంగా ఆడినప్పుడు కార్ల్ ఎమిల్ డోప్లర్ అనే చిత్రకారుడు దుస్తులు రూపొందించి, శిరస్త్రాణాలకు రెక్కలు, కొమ్ములు తగిలించాడు. ఒక్క ఒపేరా కూడా చూడనివారికి సైతం ఒపేరా అనగానే ఆ టోపీయే కళ్ళముందు మెదలడం అప్పటి చలవే. పిల్లికి ఈ వేషం కట్టడం కూడా కొత్త సంగతి కాదు. రెక్కల టోపీ, కవచం తొడిగిన ఒక పిల్లిని అడాల్ఫ్ వైడాస్ అనే అమెరికన్ 1936లో ఫొటో తీసి ‘బ్రూన్‌హిల్డె’ అని పేరు పెట్టాడు. ఆ ఫొటో ఇప్పుడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.

నవ్వు ఎందుకు వస్తుందో కూడా చెప్పుకుందాం. ఈ వేషం వేసుకున్న మనిషి తాను దేవకన్యనని మనల్ని నమ్మించడానికి నానా అవస్థా పడాలి. పిల్లికి ఆ బెడద లేదు, ఎందుకంటే తాను దేవకన్యనేనన్న నమ్మకంతోనే అది పొద్దున నిద్రలేస్తుంది. మీ బొమ్మను మరోసారి దగ్గరనుంచి చూడండి. కవచం మీద ప్రతి మేకునూ చిత్రకారుడు ఓపికగా దిద్ది ఉంటాడు, పిల్లి ముఖంలో మాత్రం గిన్నెలో పాలు ఇంకా ఎందుకు పోయలేదన్న ప్రశ్న తప్ప మరే భావమూ ఉండదు.

ప్రశ్న: పిల్లులకు బట్టలు తొడిగి నవ్వుకోవడం విదేశీయుల చిన్నపిల్లల సరదాలాగా ఉంది. మన కళలో ఇలాంటి వాటికి చోటుందా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, విద్యానగర్

జవాబు: మాస్టారూ, చోటు ఉండడమే కాదు, మన పిల్లి చాలా ముందే వేషం కట్టింది. మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవుల కాలంలో చెక్కిన పెద్ద శిలాఫలకం మీద ఒక తపస్వి చేతులు పైకెత్తి ఒంటికాలిపై నిలబడి ఉంటాడు. ఆయన అర్జునుడా, భగీరథుడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అదే ఫలకంలో కిందుగా ఒక పిల్లి వెనుక కాళ్ళమీద లేచి, ముందు కాళ్ళు పైకెత్తి, అచ్చం ఆ తపస్విలాగే నిలబడి ఉంటుంది. ఎలుకలు దాని చుట్టూ భయం లేకుండా తిరుగుతుంటాయి. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకుడిచేత పాండవులకు కబురు పంపుతూ ధర్మరాజును ఎత్తిపొడవడానికి చెప్పించిన దొంగ తపస్సు పిల్లి కథ మీకు గుర్తు రాకుండా ఉండదు. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ పటచిత్రకారులు నొసట వైష్ణవ నామం దిద్దిన పిల్లి నోట రొయ్యను పెట్టి, పైకి భక్తి చూపుతూ చాటుగా తినేవారిని వెక్కిరించారు.

నాటకానికీ పిల్లికీ పెట్టిన ముడి విషయంలో మాత్రం జపాన్ చిత్రకారుడు ఉతగావా కునియోషికే పెద్దపీట వేయాలి. అక్కడి కబుకి నాటకాల నటుల బొమ్మలు చెక్కఅచ్చులపై వేలకొద్దీ ముద్రించి అమ్మేవారు. అయితే 1842లో ప్రభుత్వం ఆడంబరాలను అణచాలని పూనుకుని, నటుల బొమ్మలనూ వేశ్యల బొమ్మలనూ నిషేధించింది. కునియోషి ఇల్లంతా పిల్లులేనని, పనిచేసేటప్పుడు కూడా ఒడిలో ఒక కూనను పెట్టుకునేవాడని చెబుతారు. ఆయన నటులను మానేసి పిల్లులను గీశాడు. కాకపోతే ఆ పిల్లుల కనుబొమల వంపు, దవడల తీరు, కిమోనో మీది గుర్తులు చూసి ఫలానా నటుడని కొనేవాళ్ళు ఇట్టే పోల్చుకునేవారు. నటుడి బొమ్మ గీయకూడదన్నారు గానీ, పిల్లి బొమ్మ గీయకూడదని ఎవరూ అనలేదు కదా! మీరు చిన్నపిల్లల సరదా అన్న పని ఆయనకు ఆ రోజుల్లో పొట్టకూటి ఉపాయం కూడా అయింది.

ప్రశ్న: మాసాబ్ ట్యాంక్‌లో చిత్రలేఖనం చదువుతున్నాను. గత సంచిక చూసి, ‘హరిశ్చంద్ర’ కాటిసీనులో హరిశ్చంద్రుడి వేషం వేసిన పిల్లిని గీశాను. నల్ల కంబళి, భుజాన కర్ర, కళ్ళలో నీళ్ళు అన్నీ పెట్టినా, పిల్లి మాస్కు తగిలించుకున్న మనిషిలా వచ్చింది. లోపం ఎక్కడుంది? (బొమ్మ జతచేశాను.) — విద్యార్థి

జవాబు: మీ బొమ్మ బల్లమీద పెట్టుకునే ఈ జవాబు రాస్తున్నాను. కంబళి చాలా బాగుంది. అంచున వేలాడే ఊలు పోగులు, కర్రకు పట్టిన మసి చూస్తే మీరు నాటకాన్ని ముందు వరుసలో కూర్చుని చూశారని తెలుస్తోంది. లోపమంతా కంబళి పైనున్న భాగంలోనే ఉంది.

మొదటిది కన్నీరు. దుఃఖం వస్తే పిల్లి కన్నీరు కార్చదు. దాని కంట నీరు కనిపించిందంటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. మీరు కన్నీటితో ఆగకుండా కనుబొమలు ముడిచి, పెదవుల కొసలు కిందికి వంచారు. అక్కడితో పిల్లి వెళ్ళిపోయి మనిషి వచ్చి కూర్చున్నాడు. కాటిసీను జరిగేది రాత్రి కనుక ఆ చీకటిలో పిల్లి కంటిపాప సన్నని గీతలా కాకుండా గుండ్రంగా, నల్లగా విచ్చుకుంటుంది. ఆ రెండు నల్లని గుండ్రాలలో దూరాన కాలుతున్న చితి వెలుగును చెరొక చుక్కగా పెట్టి వదిలేయండి, మిగిలిన దుఃఖం చూసేవాళ్ళే తెచ్చుకుంటారు.

రెండవది భుజాలు. మనిషికి మెడ కింది ఎముకలు (కాలర్‌బోన్లు) రెండు వైపులా అడ్డంగా ఉండి భుజాలను విడదీసి నిలబెడతాయి. పిల్లికి ఆ ఎముక చాలా చిన్నది, మరే ఎముకకూ అతకకుండా కండల మధ్య తేలుతూ ఉంటుంది. తల దూరిన సందులో ఒళ్ళంతా దూర్చగలిగేది అందుకే. అలాంటి శరీరం మీద కంబళి మనిషి భుజాలమీద నిలిచినట్లు నిలవదు, కిందికి జారుతుంది. ఆ జారుడును మీరు గీస్తే బొమ్మ సగం బాగుపడుతుంది. భుజకీర్తులు పెట్టే రాజు వేషాలలో దీన్ని మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. వాటిని కట్టిన దారం కనిపించేలా గీయడం నాకు ఇష్టమైన పద్ధతి. చెవుల సంగతికి వస్తే, మీరు వాటిని తలపాగా కింద దాచేశారు. పిల్లి తన మనసులోని మాట చాలావరకు చెవులతోనే చెబుతుంది కనుక తలపాగానైనా కిరీటాన్నైనా రెండు చెవుల మధ్యే కూర్చోబెట్టాలి.

ఇక రంగుల పని. వేషానికి అంచులు తేటగా, బొచ్చుకు అంచులు తడికాగితం మీద కరిగిపోయేలా ఉంటే ఏది తొడుగో ఏది ఒళ్ళో వేరుగా తెలుస్తుంది. జరీకి బంగారు రంగు సీసా జోలికి పోవద్దు, అది ఆరాక పెళ్ళి శుభలేఖలా మెరుస్తుంది. పసుపుమట్టి రంగు వేసి, దానిపై ముదురు గోధుమరంగు నీడలు, అక్కడక్కడా తెల్లని చుక్కలు పెడితే చాలు. మీసాలను అన్నిటికంటే చివర, సన్నని కుంచెతో, చిక్కని తెలుపుతో, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో గీయాలి. పైపై దిద్దిన మీసం అతికించిన మీసమైపోతుంది.

పాత్రలు పంచేటప్పుడు బొచ్చు రంగు కూడా చూసుకోండి. నారింజ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడం వల్ల ఒళ్ళంతా నారింజగా ఉండే పిల్లుల్లో ఎక్కువ భాగం మగవి, మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవి. మీరు హరిశ్చంద్రుడికి మూడు రంగుల పిల్లిని తీసుకున్నారు. దీన్ని నేను తప్పనను. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు మగవాడే కదా! ఒపేరాలోనూ మొజార్ట్ ‘ఫిగారో పెళ్ళి’లోని కెరుబీనో అనే కుర్రవాడి పాత్రను ఆడవాళ్ళే పాడతారు. అయితే తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

ఒక్క సలహా. పిల్లికి హరిశ్చంద్రుడికంటే నక్షత్రకుడు బాగా నప్పుతాడు. అప్పు తీరేదాకా హరిశ్చంద్రుడి వెంట పడిన ఆ శిష్యుడి పేరు మన నోళ్ళలో సామెతగా మిగిలిపోయింది. వంటింట్లో చేపలు కడిగే వేళ కాళ్ళకు చుట్టుకుని తిరిగే పిల్లిని చూసినవారెవరికీ ఆ బొమ్మ కింద పేరు రాయనక్కరలేదు.

ప్రశ్న: నిజమైన పిల్లి ఎప్పుడైనా ఒపేరా రంగస్థలం ఎక్కిందా? — సంగీత ప్రియుడు, బర్కత్‌పుర

జవాబు: ఎక్కింది, అదీ పిలవకుండానే. 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో ఇటలీ స్వరకర్త రొసీని ఒపేరా ‘సెవిల్ మంగలి’ తొలి ప్రదర్శన రసాభాస అయింది. ఒక గాయకుడు తూలిపడి ముక్కు పగలగొట్టుకున్నాడని, ఆపైన ఒక పిల్లి వేదికమీదికి వచ్చి అటూ ఇటూ తిరుగుతుంటే ప్రేక్షకులు దానితో గొంతు కలిపి మ్యావ్ మ్యావ్‌మన్నారని కథలు కథలుగా చెబుతారు. మరునాడు అదే నాటకానికి జనం బ్రహ్మరథం పట్టారు. రొసీని పేరుమీదే చలామణీ అయ్యే ‘పిల్లుల యుగళగీతం’ ఒకటుంది. ఇద్దరు గాయకులు మొదటినుంచి చివరిదాకా మ్యావ్ అన్న ఒక్క మాటనే రకరకాల భావాలతో పాడతారు. నిజానికి అది రొసీని కూర్చినది కాదు. ఆయన ‘ఒథెల్లో’ ఒపేరాలోని బాణీలు తీసుకుని మరొకరు అల్లి 1825లో అచ్చువేసిన సరదా. బ్రూన్‌హిల్డె బొమ్మ చూస్తూ ఒకసారి వినండి.

ప్రశ్న: మా ఇంటి పిల్లికే వేషం వేసి, కూర్చోబెట్టి గీయవచ్చా? — ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: వద్దు. ఒకసారి నేను మా పిల్లికి జరీ అంచు కండువా కప్పి చూశాను. అది రెండడుగులు వెనక్కి నడిచి, పక్కకు ఒరిగిపోయి, చచ్చినట్లు పడుకుంది. కండువా తీయగానే బీరువా కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. పిల్లిని దాని మానాన వదిలి నిద్రపోతున్నప్పుడు, నీలుగుతున్నప్పుడు చిన్న చిన్న రేఖాచిత్రాలు గీసుకోండి. బట్టలను వేరుగా, కుర్చీమీద వేసి గీయండి. రెండింటినీ కాగితం మీద కలపండి.

ప్రశ్న: నా వయసు పదేళ్ళు. మా పిల్లి పూర్తి నలుపు. దానికి ఏ వేషం వేయాలి? — ఐదో తరగతి విద్యార్థిని, మలక్‌పేట

జవాబు: చిట్టితల్లీ, నల్లపిల్లి దొరకడం బొమ్మలు గీసేవాళ్ళ అదృష్టం. ఫ్రెంచి స్వరకర్త గునో 1859లో ‘ఫౌస్ట్’ అనే ఒపేరా చేశాడు. అందులో మెఫిస్టోఫిలిస్ అనే పిశాచం దర్జాగా టోపీలో ఈక, నడుముకు కత్తి, భుజంమీద ఖరీదైన అంగీతో ప్రవేశిస్తాడు. నీ పిల్లికి ఎర్రని అంగీ, ఈక టోపీ పెట్టు. బొచ్చుకు నల్లరంగు ఒక్కటే పూస్తే బొగ్గుముక్కలా ఉంటుంది కనుక ముదురు నీలంలో కొంచెం గోధుమరంగు కలిపి వేసి, వెలుగు పడే వీపు అంచున లేత నీలం గీత పెట్టు.

ఆ పిశాచాన్ని చూడడానికి నువ్వు దూరం వెళ్ళనక్కరలేదు. మీ మలక్‌పేట నుంచి మూసీ దాటకుండానే సాలార్‌జంగ్ మ్యూజియం చేరుకోవచ్చు. అక్కడ ఒకే చెక్క దుంగలో చెక్కిన జంట శిల్పం ఉంది. ముందువైపు మెఫిస్టోఫిలిస్ ముసుగు అంగీతో, వంకర నవ్వుతో నిలబడి ఉంటాడు. వెనుక ఉన్న అద్దంలో చూస్తే అదే దుంగ తల వంచుకున్న మార్గరెట్టా, అంటే ‘ఫౌస్ట్’ కథలోని నాయిక, అవుతుంది. అంగీ మడతలు భుజం నుంచి కాళ్ళదాకా ఎలా దిగుతున్నాయో పెన్సిలుతో గీసుకుని రా, తరువాత ఆ అంగీలో మీ పిల్లిని నిలబెట్టు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మరో రోజు వెళ్ళండి.