సెటప్ షీటు యూరప్‌ది, కోర్టు రాజాంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రిమోట్ కార్ల మీదే. సెలవులు కదా, పైగా మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్లకి ఈ టూరింగ్ కార్ల (చదును నేల మీద రేసులాడే రిమోట్ కార్లు) పిచ్చి బాగానే పట్టినట్టుంది. అన్నిటికీ చోటు లేదు, కాబట్టి నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం): సార్, టామియా కంపెనీ టీటీ-02 కారు కిట్ కొని నేనే బిగించాను. ఆయిల్ షాకులు (షాక్ అబ్జార్బర్లు) కూడా వేశాను. నెట్‌లో ఒక యూరప్ రేసర్ సెటప్ షీటు (కారుని ఎలా సర్దుకున్నాడో రాసిన కాగితం) దొరికితే అందులో ఉన్నట్టే గట్టి స్ప్రింగులు వేసి, నేలకీ ఛాసిస్‌కీ మధ్య 5 మిల్లీమీటర్లు మాత్రమే ఉంచాను. మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో మలుపు దాటి థ్రాటిల్ నొక్కగానే వెనక భాగం జారిపోయి కారు గిర్రున తిరిగి ఆగుతోంది. ఇంకా ఏ పార్టు కొనాలి?

జవాబు: ఏదీ కొనొద్దు తమ్ముడూ. నీ దగ్గరున్న షీటులో పైన ఓ మూల చూడు, ట్రాక్ ఏ రకమో రాసి ఉంటుంది. చాలామటుకు కార్పెట్ అనే ఉంటుంది. అక్కడ చలికాలం రేసులు హాల్లో కార్పెట్ పరిచి పెడతారు. దాని మీద టైరు ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మలుపులో కారు జారడం పోయి పల్టీ కొడుతుంది. ఆ పల్టీ ఆపడానికే వాళ్లు స్ప్రింగులు గట్టివి వేసి, కారుని నేలకి ఆనించినంత కిందికి దించుతారు. నీకున్న రోగం దానికి సరిగ్గా వ్యతిరేకం. సిమెంటు కోర్టు, దాని మీద సన్నటి దుమ్ము, పలకకీ పలకకీ మధ్య గాడి. వాళ్ల మందు నువ్వు వేసుకుంటే ఇలాగే అవుతుంది మరి.

ఇది నేను తెలివితో చెప్పడం లేదు, చేతులు కాల్చుకుని చెబుతున్నాను. మొదటి ఏడాది విజయనగరంలో ఓ స్కూలు గచ్చు మీద ఇదే పని చేసి, కారు తిరిగిపోయిన ప్రతిసారీ ఒక అల్యూమినియం పార్టు తెప్పించాను. నెల తిరిగేసరికి కారు నిగనిగలాడింది, జీతం సగమైంది, తిరగడం మాత్రం మానలేదు.

ముందు నేల సంగతి చూడు. పొద్దున్నే చీపురుతో ఊడ్చి, తడి గోనెసంచిని కోర్టు పొడవునా రెండుసార్లు లాగు. గోనెసంచులకి మన జిల్లాల్లో కరువా! చీపురు లేపే దుమ్ముని ఆ తడిగోనె పట్టేస్తుంది. నేల ఆరాక ఓ పది రౌండ్లు మెల్లగా తిప్పితే టైరు రబ్బరు అంటుకుని ఒక గీత పడుతుంది. ఆ గీత మీదే నడుపు, పక్కకి జరిగావంటే మళ్లీ దుమ్మే. పరుగుకీ పరుగుకీ మధ్య టైర్లు తడిగుడ్డతో తుడవడం మర్చిపోకు.

తరవాత టైర్లు. రేసు టైర్ల మీద 28, 32, 36, 40 అని అంకెలుంటాయి. ఒకే కంపెనీ టైర్లలో పెద్ద అంకె వేడి నేలకి, చిన్నది చల్లటి నేలకి. మన ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం సిమెంటు మీద అరికాలు పెట్టలేం, అక్కడ 28 వేస్తే రెండు నిమిషాల్లో జిడ్డుగా మారి జారిపోతుంది. 36 వేసి చూడు.

ఇక కారు. ఎత్తు 5 నుంచి 7 మిల్లీమీటర్లకి పెంచు, లేకపోతే ప్రతి గాడి దగ్గరా ఛాసిస్ గీసుకుని, ఆ క్షణం టైర్ల మీద బరువు పోతుంది. వెనక స్ప్రింగులు ముందు వాటికంటే ఒక మెట్టు మెత్తనివి వెయ్యి. ఏ వైపు మెత్తబరిస్తే ఆ వైపు పట్టు పెరుగుతుందని గుర్తుంచుకో, నూటికి తొంభైసార్లు అంతే. కారుని చేత్తో పైకెత్తితే చక్రాలు ఎంత కిందికి వేలాడతాయో అది డ్రూప్. కార్పెట్ వాళ్లు దాన్ని బాగా తగ్గిస్తారు. గాడిలోకి కూడా చక్రం దిగి నేలని వదలకుండా ఉండాలి కాబట్టి నువ్వు పెంచు.

చివరిది డిఫరెన్షియల్ (మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు), నీ జబ్బుకి అసలు మూలం ఇక్కడే ఉండొచ్చు. టీటీ-02లో ముందూ వెనకా ఒకే రకం గేర్ డిఫ్‌లు. ముందు డిఫ్‌ని చిక్కటి యాంటీ వేర్ గ్రీజుతో నింపి బిగుతు చెయ్యి, వెనకది పల్చటి గ్రీజుతో వదులుగా ఉంచు. అప్పుడు థ్రాటిల్ నొక్కితే ముందు చక్రాలు కారుని ముందుకి లాక్కుపోతాయి. వెనక డిఫ్ బిగుతైతే లోపలి చక్రమూ బయటి చక్రమూ ఒకే వేగంతో తిరగాలని పోట్లాడుకుంటాయి, నేల జారుడుగా ఉన్నప్పుడు ఆ పోట్లాటలో వెనక భాగం కొట్టుకుపోతుంది. నువ్వు రెండూ ఒకేలా నింపి ఉంటావని నా అనుమానం.

ఇవన్నీ ఒక్క పూటలో మార్చేయకు. ఒకటి మార్చు, అయిదు నిమిషాలు నడుపు, ఫోన్లో ల్యాప్ టైము చూసి పుస్తకంలో రాసుకో. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలీదు, ఉత్తరం రాస్తే నాకూ తెలీదు.

ప్రశ్న (శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నుంచి): అన్నా, స్పీడు కోసం టీటీ-02 కిట్‌లో వచ్చిన 22 పళ్ల పినియన్ (మోటారు ఇరుసుకి ఉండే చిన్న గేరు) తీసి 25 వేశాను. మోటారు కిట్‌తో వచ్చిన 540 సైజుదే. నాలుగు నిమిషాలకే కాలిన వాసన. మోటారు నాసిరకమా?

జవాబు: మోటారుని తిట్టకు, లెక్క వేసుకో. పినియన్ తిప్పే పెద్ద గేరుకి, అంటే స్పర్ గేరుకి 70 పళ్లు, దాన్ని పినియన్ పళ్లతో భాగించి, ఈ కారు లోపలి నిష్పత్తి 2.6తో గుణించు. 22తో 8.27 వస్తుంది, 25తో 7.28. అంటే ఇదివరకు మోటారు ఎనిమిది చుట్లకి పైగా తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది, ఇప్పుడు ఏడింటికే తిప్పాలి. నిండు బస్సుని టాప్ గేరులో ఘాట్ ఎక్కించినట్టు. బరువు లాగలేక మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది, ఆ ఎక్కువైన కరెంటులో చాలా భాగం వేడిగా మారుతుంది. బయటే 40 డిగ్రీలుంటే అది చల్లారేదెప్పుడు? వాసన వచ్చిందంటే లోపల బ్రష్‌లు మాడుతున్నాయన్నమాట.

మళ్లీ 22కి రా. మీ కోర్టు చిన్నదై, మలుపులెక్కువైతే 20 వేసి చూడు, 9.10 అవుతుంది. పొడుగు దారిలో కాస్త నెమ్మదించినా మలుపు నుంచి బయటికి రావడంలో టైము మిగుల్చుకుంటావు. పినియన్ మార్చినప్పుడల్లా మోటారు స్క్రూలు కూడా ఆ పళ్ల అంకెకి సరిపోయే రంధ్రాల్లోకే మార్చాలి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి.

వేడి చూడ్డానికి కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటరు వాడుతున్నామని ఇద్దరు రాశారు. అది మనిషి జ్వరం కొలవడానికి చేసింది, 42 దాటితే చేతులెత్తేస్తుంది. వస్తువుల వేడి కొలిచే ఇన్ఫ్రారెడ్ గన్ వేరే ఉంటుంది. అది లేకపోతే వేలు పెట్టి చూడు. మూడు సెకన్లు ఉంచలేకపోతే ఆపేసి చల్లారనివ్వు.

ప్రశ్న (ఒక తల్లి, విజయనగరం): మా అబ్బాయి బ్యాటరీ కొంచెం ఉబ్బింది. వాడేమో పర్లేదంటూ రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. ఈ ఒక్క విషయంలో వాడి మాట వినకండి. ఉబ్బిన లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఇక పనికిరాదు. దాన్ని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, గుచ్చకూడదు, నొక్కి సరిచేయకూడదు, లోపల గ్యాసు పుట్టబట్టే ఉబ్బింది. ఇంటి బయట, ఇసుక పోసిన ఇనప బకెట్లో పెట్టించి, తరవాత ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. చెత్తబండిలో వేయొద్దు.

కొత్తది కొంటే ఈ మాటలు వాడికి చదివి వినిపించండి. రెండు సెల్స్ ఉన్న ప్యాక్ మీద 7.4 వోల్టులని ఉంటుంది, నిండితే 8.4, అక్కడితో ఆగాలి. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కి ఛార్జింగ్ కరెంటు 5 ఆంపియర్లు దాటకూడదు. ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే (సెల్స్ అన్నీ సమానంగా నిండేలా చూసే పద్ధతి), మంట తట్టుకునే సంచిలో పెట్టి, మనిషి మెలకువగా పక్కనుండగానే ఛార్జ్ చేయాలి. వారం దాకా వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి, నిండుగా ఉంచి ఎండపడే కిటికీలో పెడితే మళ్లీ ఉబ్బుతుంది. కారులోని ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని నడిపే పెట్టె) లిపో కటాఫ్, అంటే బ్యాటరీ బాగా తగ్గగానే ఆపేసే ఏర్పాటు ఉందో లేదో కూడా చూడమనండి. కొన్నిటికి ఉండదు. అలాంటివాటిలో సెల్ 3 వోల్టుల కిందికి పడిపోయి పాడైనా నడిపేవాడికి తెలీదు. మీ ఇంట్లో జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

ప్రశ్న (బొబ్బిలి): గోడకి గుద్దుకున్నాక కారు థ్రాటిల్ నొక్కితే కుడికీ, బ్రేక్ వేస్తే ఎడమకీ లాగుతోంది.

జవాబు: ఛాసిస్ మెలి తిరిగింది. నిజంగా చదునైన పలక ఒకటి కావాలి. సెటప్ బోర్డని వేలు పోసి కొంటారు గానీ, టెక్కలి వైపు వెళ్లినప్పుడు గ్రానైట్ కోసే చోట మిగులు ముక్క అడుగు, దాన్ని మించిన పలక లేదు. కారుని దాని మీద పెట్టి, ముందు భాగం సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ అంచుతో మెల్లగా లేపు. రెండు చక్రాలూ ఒకేసారి లేవాలి, ఒకటి ముందు లేస్తే మెలి ఉన్నట్టే. వెనకా అలాగే చూడు. పై డెక్ (ఛాసిస్ మీది పలక) స్క్రూలన్నీ వదులు చేసి, కారుని పలక మీద అదిమి పట్టి, ఎదురెదురుగా ఒక్కొక్కటే బిగించు. అప్పటికీ పోకపోతే షాకులు నాలుగూ ఒకే పొడవున్నాయేమో, సస్పెన్షన్ పిన్నేదైనా వంగిందేమో చూడు.

ప్రశ్న (పలాస): బాడీకి హార్డ్‌వేర్ షాపు స్ప్రే కొట్టాను, పెచ్చులు ఊడుతోంది.

జవాబు: అది పాలీకార్బొనేట్ బాడీ. దానికి పాలీకార్బొనేట్ పెయింటే వాడాలి, అదీ లోపలి వైపు. కొట్టేముందు సబ్బుతో కడిగి ఆరబెట్టు, ముందు ముదురు రంగులు, తరవాత లేతవి.

ప్రశ్న (నరసన్నపేట): కళింగపట్నం బీచ్‌లో టూరింగ్ కారు నడపొచ్చా?

జవాబు: వద్దు. ఇసుక గేర్లలోకి, ఉప్పు బేరింగుల్లోకి పోతుంది. బీచ్‌కి వెళ్లి సముద్రం చూడు, కారు ఇంట్లో ఉండనీ.

ప్రశ్న (నెల్లిమర్ల): డబ్బులు కూడబెట్టాను. బ్రష్‌లెస్ 13.5 మోటారు కొననా, కార్బన్ బెల్ట్ కారు కొననా?

జవాబు: ముందు నీ కారులో ఇరుసులు తిరిగే చోట ప్లాస్టిక్ బుష్‌లున్నాయో బేరింగులున్నాయో చెప్పు. చాలా టీటీ-02 కిట్లలో బుష్‌లూ, ఆయిల్ లేని ఫ్రిక్షన్ షాకులూ వస్తాయి. కూడబెట్టిన దాంట్లో కొంత తీసి బేరింగులు, ఆయిల్ షాకులు, ఒక సెట్టు మంచి టైర్లు కొను. బెల్ట్ కారు (మోటారు శక్తి బెల్టుతో చక్రాలకి అందేది) చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, మన దుమ్ములో గులకరాయి ఒక్కటి పుల్లీలో పడితే బెల్టు పళ్లు పోతాయి. షాఫ్ట్ కారు (బెల్టుకి బదులు కడ్డీతో నడిచేది) గేర్లు మూసిన పెట్టెలో ఉంటాయి కాబట్టి మన గచ్చులకి అదే నయం. 13.5 సంగతంటావా, అది మోటారు లోపలి తీగ చుట్ల అంకె, అది తగ్గేకొద్దీ మోటారు జోరు పెరుగుతుంది. కిట్ మోటారుతో గోడకి గుద్దకుండా ఇరవై రౌండ్లు వరసగా తిప్పి, ఆ టైములన్నీ నాకు రాసి పంపు, అప్పుడు 17.5 సంగతి మాట్లాడుకుందాం.