క్రషర్ పెట్టబోతున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కూల్చిన కట్టడాల శిథిలాలను నలగ్గొట్టి తిరిగి కంకరగానూ ఇసుకగానూ మార్చే ప్లాంటు పెట్టబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ రాత్రే గుబులు కూడా మొదలైంది. ఉద్యోగ జీవితమంతా క్రషర్ల పక్కన గడిపినవాణ్ణి కాబట్టి, యంత్రానికి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ ఉత్తరం నీకు చేరాలని రాస్తున్నాను.

అమ్మకాలు, విద్యుత్తు, బ్యాంకు లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు. అనుమతులు సకాలంలో తీసుకో. ఇనుప చువ్వలను లాగేసే అయస్కాంతం దగ్గర పిసినారితనం చూపకు. వాటి గురించి ఇంతకు మించి రాయను. మిగిలిన ఉత్తరమంతా దుమ్ము గురించే.

కాంక్రీటులో, ఇటుకలో, పెంకులో, టైల్సులో, గోడల పూతలో సిలికా అనే ఖనిజం క్వార్ట్జ్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది. వాటిని నలగ్గొట్టినప్పుడు లేచే దుమ్ములో పెద్ద రేణువులు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకంటే చిన్నవైన రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరనుండే గాలి సంచుల, అంటే వాయుగోణుల దాకా దిగిపోతాయి. తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే, వీటిని కంటితో చూసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదని నీకు అర్థమవుతుంది. లోపలికి చేరిన సిలికాను మింగబోయిన రక్షక కణాలే చచ్చిపోయి, ఆ చోట మచ్చ కడుతుంది. అదే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు, అది ఉన్నవారికి క్షయ సోకే ముప్పు కూడా ఎక్కువ. పనిచోట పీల్చే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం, ఎనిమిది గంటల సగటున, ఘనపు మీటరు గాలిలో ఇది 50 మైక్రోగ్రాములకు మించకూడదు. అంటే గ్రామును 20,000 భాగాలు చేస్తే అందులో ఒక భాగం.

నేను షిఫ్టు బాధ్యతలు చూసిన ఒక ప్లాంటు సంగతి చెప్తాను, ఓపికగా చదువు. ఆరేసిన బట్టల మీద తెల్లటి పొడి పడుతోందని చుట్టుపక్కల వాళ్లు గొడవ చేశారు. యజమాని చెడ్డవాడు కాదు, ఖర్చుకు వెనకాడేవాడూ కాదు. క్రషర్‌నూ, జల్లెడలనూ, చెత్త ఏరే బెల్టునూ కలిపి నాలుగు వైపులా రేకులు కొట్టించి ఒకే షెడ్డులో మూసేయించాడు. రోడ్డు మీద నిలబడి చూస్తే ప్లాంటు నడుస్తోందో లేదో తెలియనంత శుభ్రంగా కనిపించేది. ఫిర్యాదులు ఆగిపోయాయి, చూడవచ్చిన అధికారులు మెచ్చుకున్నారు. లోపలి గాలిని లాగి వడకట్టే ఫ్యాను గానీ ఫిల్టరు గానీ మాత్రం పెట్టలేదు. అంతకుముందు గాలికి చెదిరిపోయిన దుమ్మంతా ఇప్పుడు బెల్టు పక్కన నిలబడి చెక్క ముక్కలు, ప్లాస్టిక్ సంచులు ఏరే మనుషుల మధ్యే తిరిగేది. రేకుకున్న మేకు కన్నంలోంచి ఎండ సన్నగా పడినప్పుడు ఆ వెలుగులో రేణువులు సుడులు తిరుగుతూ కనిపించేవి. దానికి జానెడు పక్కన గాలి నిర్మలంగా ఉన్నట్టే తోచేది. షిఫ్టు దిగేటప్పుడు నవ్వుకుంటూ ఒకరి బట్టలు ఒకరు కంప్రెసర్ గొట్టంతో ఊదుకునేవారు.

బెల్టు కింద రాలిన పొడిని పారతో ఎత్తిపోసే అతను అందరిలోకీ బలిష్ఠుడు. కొన్నేళ్లకు అతను మెట్లెక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తే చెప్పు సర్దుకుంటున్నట్టు వంగేవాడు. క్షయ అని మందులిచ్చారు, కోర్సు పూర్తయినా ఆయాసం తగ్గలేదు. ఏం పని చేస్తావని అడిగిన వైద్యుడు దొరికేసరికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగమంతా మచ్చలే. అతను పని మానేశాడు గానీ జబ్బు మానలేదు. పొరుగువారి కంట పడకపోతే దుమ్ము అదుపులో ఉన్నట్టేనని ఆ యజమాని నమ్మాడు. నీ నక్షాలో ఉన్నదీ అలాంటి మూసిన షెడ్డేనని విన్నాను కాబట్టే ఇదంతా ఇంత వివరంగా రాశాను.

క్రషర్‌ను, జల్లెడను, ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి సరుకు పడే ప్రతి చోటును విడివిడిగా మూయించి, ప్రతిదాని నుంచీ గాలిని లాగి ఫిల్టరుకు పంపే గొట్టం పెట్టించు. చెత్త ఏరేవాళ్లను వేరే గదిలో ఉంచి, ఆ గదిలోకి వడకట్టిన గాలిని నిరంతరం పంపాలి. లోడరు క్యాబిన్‌కూ అదే పద్ధతి. శిథిలాలను హాపర్లో, అంటే క్రషర్‌కు సరుకు పోసే తొట్టిలో, వేయకముందే తడపాలి. లేచిన దుమ్మును పట్టడం కంటే లేవకుండా చూడటమే తేలిక. నాజిళ్లు సన్నటి తుంపర ఇచ్చేవై ఉండాలి, ఎందుకంటే చినుకు పెద్దదైతే దాని చుట్టూ మళ్ళే గాలితో పాటు సన్నటి రేణువు పక్కకు తప్పుకుపోతుంది. నీటి పంపు ఆగితే క్రషర్ కూడా దానంతటదే ఆగేలా కరెంటు కనెక్షన్ ఇప్పించు. లేకపోతే పని ఒత్తిడిలో పంపు సంగతి ఎవరికీ గుర్తుండదు. కింద పడిన బురదను ఆరకముందే తీయించు. చీపురు, కంప్రెసర్ గొట్టం రెండూ శుభ్రం చేసే పనికి నిషేధం. అతి సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూం కొను.

ఆస్బెస్టాస్ సంగతి వేరే చెప్పాలి. అది కలిసి ఉండే పాత సిమెంటు రేకులు, పాత గొట్టాలు, బాయిలర్ల చుట్టూ చుట్టిన పొరలు ఉన్న లోడును గేటు దగ్గరే ఆపు. కూల్చకముందే కట్టడాన్ని పరీక్షించిన కాగితం లేనిదే సరుకు దించుకోకు. దాని పోగులు తెచ్చే క్యాన్సర్ బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అప్పటికి ఆ లోడు ఎవరు పంపారో కూడా ఎవరికీ గుర్తుండదు.

నీ ప్రణాళికలో కార్మికుల ఆరోగ్యం కింద ‘మాస్కులు ఇస్తాం’ అన్న ఒక్క వాక్యమే ఉందని మీ నాన్న చదివి వినిపించాడు. ఇంజనీరింగు చదివిన పిల్ల రాయవలసిన వాక్యమేనా అది? మాస్కు అన్నిటికంటే చివరి అడ్డు. గుడ్డ మాస్కు సిలికాను ఆపదు. ఎన్95 అయినా ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో పరీక్షించాలి, గడ్డం ఉంటే అతుక్కోదు. కార్మికుల నడుముకు చిన్న పంపు, కాలరుకు దాని గొట్టం కొస తగిలించి, షిఫ్టంతా వాళ్లు పీల్చే గాలిని సేకరించి ప్రయోగశాలకు పంపితేనే నీకు అసలు అంకె తెలుస్తుంది. కాంట్రాక్టు మనుషులతో సహా అందరికీ పనిలో చేరకముందే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి ఆ కాగితాలు భద్రంగా దాచు. పోల్చడానికి మొదటిది లేకపోతే తరువాతి పరీక్షల విలువ సగానికి పడిపోతుంది. పనిబట్టలు అక్కడే ఉతికించు, ఇళ్లకు పంపకు.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ. చిన్నప్పుడు ఉబ్బసం వచ్చిన రాత్రుల్లో నిన్ను భుజాన వేసుకుని తిరిగినవాణ్ణి. నీ ఊపిరి శబ్దం నాకింకా తెలుసు. యజమానిని కదా, ఆఫీసులో కూర్చుంటానని నువ్వంటావు గానీ, బెల్టు ఆగితే అందరికంటే ముందు పరుగెత్తేది నువ్వే. ముందు నీకు ఊపిరి పరీక్ష చేయించుకుని ఆ కాగితం నాకు పంపు.

దానితో పాటు షెడ్డు నక్షా కూడా పంపు. అందులో గాలి లాగే గొట్టాలు ఎక్కడెక్కడ పెడుతున్నావో, ఫిల్టరు ఎక్కడ ఉంటుందో, దులిపిన పొడి ఏ సంచిలో పడుతుందో, ఆ సంచిని ఎవరు మారుస్తారో ఎర్ర సిరాతో గుర్తుపెట్టు. నేను చూసి తిరిగి పంపేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

మీ పెదనాన్న