పార్సిల్ వచ్చేదాకానే సంతోషం... ఇది డిప్రెషనా?

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇంటి లోను, కారు లోను, ఈమధ్య కొన్న పెద్ద ఫ్రిజ్ ఈఎంఐ కట్టేసరికి పదో తారీఖుకే చేతులు ఖాళీ. ఖర్చు తగ్గుతుందని పనిమనిషిని కూడా మాన్పించాం. మనసు బాగోక రాత్రిళ్ళు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ పెడుతున్నాను. పార్సిల్ విప్పాక మళ్ళీ అదే దిగులు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఇది డిప్రెషనా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పనిమనిషిని మాన్పించామని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. నాకు మాత్రం అసలు సమస్య అక్కడే కనిపిస్తోంది. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, సింకు నిండా ఉన్న గిన్నెలు తోమేసరికి పది దాటుతుంది. ఆ అలసటలో చేతిలోకి వచ్చేది ఫోనే. వస్తువు చేతికందినప్పటికంటే దానికోసం ఎదురుచూసేటప్పుడే మెదడులో ఉత్సాహం పుట్టించే డోపమిన్ అనే రసాయనం జోరు ఎక్కువ. అందుకే అట్టపెట్టె విప్పేసరికి సరదా తీరిపోతుంది. కొత్త ఫ్రిజ్ కూడా నాలుగు నెలలు తిరిగేసరికి మామూలు ఫ్రిజ్జే. ఈఎంఐ మాత్రం ప్రతినెలా కొత్తగానే వస్తుంది.

అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లలో ఆరు వేల మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2017లో వచ్చింది. ఇంటి చాకిరీ తప్పించుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టేవాళ్ళు జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు అందులో తేలింది. కాబట్టి ఆన్‌లైన్ ఆర్డర్లు ఆపి, ఆ డబ్బుతో పనిమనిషిని మళ్ళీ పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా దుబారా అంటే డాక్టరు రాసిచ్చారని చెప్పండి! షాపింగ్ యాప్‌లలో కార్డు వివరాలు తీసేయండి. రాత్రి నచ్చింది ఏదైనా సరే, పొద్దున లేచాకే కొనండి. ఈ ఆర్డర్ల సంగతి మీ వారికి తెలుసో లేదో రాయలేదు. దాస్తూ ఉంటే ఆ టెన్షన్ ఒక్కటి చాలు నిద్ర చెడటానికి. ఓ ఆదివారం ఇద్దరూ కూర్చుని లోన్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

ఇక డిప్రెషన్ సంగతి. ఉత్తరం చదివి అవునో కాదో చెప్పలేను. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కాకపోవడం, ఆకలి తగ్గడం లాంటివి ఈ తెల్లవారుజాము మెలకువతో కలిసి ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించండి. వాటిలో తేడా ఉన్నా నీరసం, నిరుత్సాహం వస్తాయి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.