ఐదో నెలలో ఈ మార్పులన్నీ మామూలేనా?

ప్రశ్న: నా వయసు 24 సంవత్సరాలు. మాది చంద్రగిరి. తొలి కాన్పు, ఇప్పుడు 20వ వారం నడుస్తోంది. వాంతులు తగ్గి అన్నం సయిస్తోంది గానీ, పక్క మీద నుంచి లేచేటప్పుడు పొత్తికడుపులో ఒక పక్కన చురుక్కుమంటోంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి. బొడ్డు కింద నల్లని చార వచ్చింది. బిడ్డ కదలిక ఇంకా స్పష్టంగా తెలియడం లేదు. ఉప్పు మానేస్తే వాపు తీస్తుందని మా అత్తగారు అంటున్నారు. మొక్కు ఉన్నందున వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి కొండ ఎక్కాలనుకుంటున్నాం. ఎక్కవచ్చా?

జవాబు: మీరు రాసిన లక్షణాల్లో కంగారు పడవలసినది ఏదీ కనిపించడం లేదు. ఈపాటికి గర్భసంచి బొడ్డు ఎత్తుకు పెరిగి ఉంటుంది. దానిని ఇరుపక్కలా పట్టి ఉంచే తంతువులు సాగుతున్నందువల్ల, చటుక్కున లేచినా, దగ్గినా, తుమ్మినా గజ్జల దగ్గర అలా చురుక్కుమంటుంది. ముందుగా పక్కకు ఒత్తిగిలి, చేయి ఆనించి నెమ్మదిగా లేస్తే చాలావరకు తగ్గుతుంది. నల్లని చార హార్మోన్ల ప్రభావమే. కాన్పు తరువాత కొన్ని నెలలకు దానంతట అదే వెలిసిపోతుంది, పూతలేవీ అవసరం లేదు.

పాదాల వాపు విషయంలో మాత్రం కొంత గమనింపు కావాలి. పెరిగిన గర్భసంచి ఒత్తిడి వల్ల కాళ్ళ నుంచి గుండెకు రక్తం తిరిగి వెళ్ళడం మందగిస్తుంది కనుక సాయంత్రం ఉబ్బి, రాత్రి పడుకుని లేచేసరికి తీసే వాపు సహజం. ఇందుకోసం ఉప్పు మానేయనక్కరలేదు. పెద్దవాళ్ళు మంచికే చెప్పినా దానివల్ల ఈ వాపు తీయదు. కాళ్ళు ఎత్తులో పెట్టుకోండి, ఎడమ వైపు తిరిగి పడుకోండి. అయితే తెల్లవారినా వాపు తీయక ముఖానికీ చేతులకూ పాకినా, తగ్గని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, బి.పి. 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా అది గుర్రపువాతానికి (గర్భిణులకు బి.పి. పెరిగి వచ్చే ఫిట్స్‌కు) దారితీసే స్థితి కావచ్చు. అప్పుడు మర్నాటి దాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, వచ్చి పోతూ ఉండే నొప్పులు, జ్వరంతో కూడిన మూత్రపు మంట ఉన్నా అంతే. రాత్రివేళ వాహనం దొరకకపోతే 108కు ఫోన్ చేయండి.

తొలి కాన్పులో కదలికలు సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య తెలుస్తాయి. మాయ గర్భసంచి ముందువైపు ఉన్నవారికి మరికొంత ఆలస్యం కావచ్చు. 24 వారాలు నిండినా తెలియకపోతే వైద్యులకు చెప్పాలి. టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడ్డాయో లేదో చూసే స్కాన్) ఇంకా తీయించుకోకపోతే 22వ వారం దాటనివ్వకండి.

ఇక మొక్కు సంగతి. నేలమీద రోజూ అరగంట నడవండి, మంచిదే. కానీ అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం వరకు ఉన్న నిట్టనిలువు ఎక్కుడే కాళ్ళు వణికిస్తుంది, ఆ మీదట మోకాళ్ళ పర్వతం ఉండనే ఉంది. కీళ్ళు వదులై, బరువు ముందుకు వాలే ఈ నెలల్లో కాలు జారితే ప్రమాదం. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోండి; కాన్పై ఒళ్ళు కుదుటపడ్డాక మొక్కు తీర్చుకోవచ్చు.

ప్రశ్న: నాకు ఆరో నెల. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా, గట్టిగా వస్తోంది. మానేయవచ్చా? (ఒక పాఠకురాలు, పలమనేరు)

జవాబు: మానేయకండి. ఆ నలుపు శరీరం పీల్చుకోగా మిగిలిన ఇనుముదే. మలబద్ధకానికి నీళ్ళు, ఆకుకూరలు, జామకాయలు ఎక్కువగా తీసుకోండి. వికారంగా ఉంటే మాత్రను రాత్రి భోజనం తరువాత వేసుకోండి. కాఫీ, టీలకు కనీసం గంట ఎడం ఉండాలి. కాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు కనుక, అది పగటిపూటకు మార్చుకోండి.