అభిషిక్తుడా, క్రీస్తా? రెండో కీర్తనలో ఒక మాట గురించి

సందేహం: మాస్టారూ నమస్కారం. మా చర్చి యూత్‌లో రెండో కీర్తన మీద స్టడీ పెట్టుకున్నాం. కీర్తనలో "యెహోవాకును ఆయన అభిషిక్తునికిని విరోధముగా" అని ఉంది. అదే వాక్యం అపొస్తలుల కార్యములు 4:26లో "ప్రభువుమీదను ఆయన క్రీస్తుమీదను" అని ఉంది. ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంది, యేసు గురించిన ప్రవచనం అనిపించడానికి తెలుగువాళ్ళు మార్చారా అని మా తమ్ముడు అడుగుతున్నాడు. ఇంకో చిన్న డౌటు, మా ఫ్లెక్సీ మీద "దైవ అభిషక్తులు" అని వేశారు, అది కరెక్టేనా?

సమాధానం: అమ్మా, ముందు ఆ ఫ్లెక్సీ సంగతి చూద్దాం, ఎందుకంటే అది చదవగానే నాకు ప్రాణం ఉసూరుమంది. అభిషిక్తుడు అనే మాటలో ష కి గుడి ఉండాలి, ఉండి తీరాలి. ఆ గుడి తీసేస్తే అది ఇంకో ధాతువులోకి పోతుంది. సంజ్ ధాతువు నుంచి వచ్చిన అభిషంగం అనే మాటకి సంస్కృత నిఘంటువుల్లో పరాభవం, నింద లాంటి అర్థాలున్నాయి, అభిషక్తుడు అంటే ఆ వరసలో పరాభవం పొందినవాడు అవుతాడు. దేవుడి సేవకుణ్ణి గౌరవించాలని పిలిచి ఇలా రాస్తే ఎలా చెప్పండి! ఈమధ్య పోస్టర్లలో, వీడియోల థంబ్‌నెయిల్స్ మీద ఇదే కనిపిస్తోంది, ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు కాపీ కొట్టేస్తున్నారు.

ఇక అసలు మాట. అభి ఉపసర్గ, సిచ్ ధాతువు. "షిచ క్షరణే" అంటుంది ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక), అంటే కారడం, తడపడం, పోయడం. అభి తగిలేసరికి స కాస్తా ష అయింది. అభిషేకంలో మనవాళ్ళకి ముందు కనిపించేది నీళ్ళు. రాముడి పట్టాభిషేకానికి సముద్రాల నుంచీ నదుల నుంచీ తెచ్చినవి నీళ్ళే, శివుడి మీద పడేవీ నీళ్ళే, ఆ తర్వాతే పాలూ తేనే.

హీబ్రూలో ఉన్న మాట మాషియహ్ (మనం మెస్సీయ అనేది దీన్నే), దాని ధాతువు మషహ్. దీని అసలు అర్థం పోయడం కాదు, పూయడం, రాయడం, మన ఇంటి మాటలో చెప్పాలంటే అంటడం. నేను ఊరికే అనట్లేదు, ఆ ధాతువు హీబ్రూ బైబిల్లో ఎక్కడెక్కడ వాడారో చూడండి. నిర్గమకాండము 29లో పులియని పిండితో చేసిన పల్చటి అప్పడాలకి నూనె పూస్తారు, అక్కడ మషహ్. యిర్మీయా 22లో ఒకాయన పెద్ద ఇల్లు కట్టుకుని ఇంగిలీకం రంగు వేయించుకుంటాడు, ఆ రంగు పూయడానికి కూడా మషహ్. యెషయా 21లో యుద్ధానికి లేవండి, డాళ్ళకి నూనె రాయండి అంటాడు, అదీ మషహే. సౌలు చనిపోయాక దావీదు ఏడుస్తూ పాడిన పాటలో (2 సమూయేలు 1:21) నూనె రాయని సౌలు డాలు అని వస్తుంది, అక్కడైతే ఏకంగా మాషియహ్ అనే రూపమే ఉంది, ఒక తోలు డాలుకి! అంటే అప్పడం, గోడ, డాలు, యాజకుడు, రాజు, వీటన్నిటికీ ఒకే క్రియ సరిపోయింది. మన తెలుగులో ఇంత పని చేయగల మాట అంటు ఒక్కటే అని నా అభిప్రాయం. పండగ పూట అమ్మ మాడు మీద నూనె పెట్టి చేసే తలంటు ఉందే, చెయ్యి తలని తాకుతుంది, నూనె పడుతుంది, ఆ పిల్లవాడు ఇవాళ పండగ మనిషి అని ఇల్లంతటికీ తెలుస్తుంది. మషహ్ లో ఉన్నదంతా ఇందులో ఉంది.

మన తెలుగు బైబిలు అనువాదకులకి ఈ మాట తెలియక కాదు. 23వ కీర్తనలో "నూనెతో నా తల అంటియున్నావు" అని ఎంత అందంగా రాశారో చూడండి, అది చదివినప్పుడల్లా ఆ పంతుళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. కాకపోతే అక్కడ హీబ్రూలో మషహ్ లేదు, దిషేన్ అని వేరే క్రియ ఉంది, కొవ్వు పట్టించడం, సమృద్ధిగా చేయడం అని దానర్థం. విందుకొచ్చిన అతిథికి జరిగే మర్యాద అది, రాజుని చేయడం కాదు. అంటే అంటు అనే మాట అతిథికి దక్కింది, రాజుకేమో సంస్కృతం దక్కింది. ఎందుకలా అంటే నా ఊహ ఒకటి చెప్తాను, ఊహ మాత్రమే. అంటు అన్నప్పుడు తెలుగులో మైల అనే అర్థం కూడా వెంటనే తగులుతుంది, అంటూ ముట్టూ అంటాం కదా, రాజుకీ యాజకుడికీ ఆ మాట వాడటానికి మనసొప్పి ఉండదు. పైగా పట్టాభిషేకం అనే రెడీమేడ్ మాట పక్కనే ఉంది. నిర్గమకాండము 29:7లో అహరోను తల మీద నూనె పోసి అభిషేకించమని పోయడం, పూయడం రెండు క్రియలూ పక్కపక్కనే ఉన్నాయి, సమూయేలు కూడా సౌలు తల మీద నూనె పోశాడు, కాబట్టి అభిషిక్తుడు తప్పు అని నేనెప్పుడూ అనను. చెయ్యి తాకిన సంగతి మాత్రం ఆ మాటలో పోయింది.

ఇప్పుడు మీ తమ్ముడి ప్రశ్న. మార్చింది తెలుగువాళ్ళు కాదమ్మా. క్రీస్తుకి పూర్వమే యూదులు తమ లేఖనాల్ని గ్రీకులోకి తెచ్చుకున్నారు, అందులో మాషియహ్ ని ఖ్రిస్తోస్ అని పెట్టారు, ఖ్రియో అంటే పూయడం, నూనె రాయడం. అంటే గ్రీకు చదివే యూదుడికి రెండో కీర్తనలో "ప్రభువుకీ ఆయన ఖ్రిస్తోస్ కీ విరోధంగా" అనే కనిపించేది, యేసు పుట్టకముందు నుంచీ. అపొస్తలుల కార్యములు గ్రీకులో రాశారు, అక్కడ ఎత్తి రాసిన వాక్యం ఆ గ్రీకు కీర్తనదే. మన అనువాదకులు కీర్తనని హీబ్రూ ప్రకారం అభిషిక్తుడు అన్నారు, కార్యముల్లో గ్రీకు మాటని క్రీస్తు అని ఉంచేశారు. గ్రీకులో ఒకే మాటగా కంటికి కనపడే లింకు తెలుగులో తెగింది. అంటే మీ తమ్ముడు అనుకున్నదానికి రివర్స్, తెలుగులో ఆ ప్రవచన వ్యాఖ్యానం కొంచెం మసకబారిందనే చెప్పాలి! యోహాను 1:41లో మాత్రం "మెస్సీయ అను మాటకు అభిషిక్తుడని అర్థము" అని ఆ ముడి మళ్ళీ వేశారు. క్రీస్తు అనేది యేసుకి ఇంటిపేరు లాగా చాలామంది పలికేస్తున్నారు, అది బిరుదు అని పిల్లలకి చెప్పండి.

కార్యములు 4లో ఆ ప్రార్థన చేసినవాళ్ళు ఊరికే కోట్ చేసి వదల్లేదు, కీర్తనని మాట మాటకీ విప్పుకున్నారు. భూరాజులు అంటే హేరోదు, అధికారులు అంటే పొంతి పిలాతు, జనాలు అంటే అన్యజనులూ ఇశ్రాయేలు ప్రజలూ, ఇక ఆయన క్రీస్తు అంటే "నీవు అభిషేకించిన" యేసు. 27వ వచనంలో ఆ "అభిషేకించిన" కూడా గ్రీకులో ఖ్రియో ధాతువే. పద్యానికి టీక రాసే పద్ధతి ఇది, ప్రతిపదార్థం.

కీర్తన పుట్టినప్పటి అర్థం అడిగితే, యెరూషలేములో సింహాసనం ఎక్కే దావీదు వంశపు రాజు పాట అని ఎక్కువమంది పండితులు అంటారు. అభిషిక్తుడు అప్పట్లో ఒక్కడే కాదు. సౌలు కూడా యెహోవా అభిషిక్తుడే, యాజకుడూ అంతే, యెషయా 45:1లో పారసీక రాజు కోరెషుని కూడా అలాగే అన్నారు. అలాగని మెస్సీయ అర్థం క్రైస్తవులు కొత్తగా తగిలించిందీ కాదు. యూదుల ధర్మగ్రంథం తల్మూదులో ఇదే కీర్తన మాటల్ని దావీదు కుమారుడైన మెస్సీయకి చెప్పినట్టు ఒక చోట చదివారు. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి, మన పెద్దలు దీన్ని మెస్సీయ గురించి చెప్పారు గానీ తేట అర్థంలో దావీదు గురించే అనుకోవాలి అని రాశాడు. అంటే మెస్సీయ పాట అనేదాంట్లో చాలాకాలం యూదులకీ క్రైస్తవులకీ తగాదా లేదు, ఆ మెస్సీయ ఎవరు అన్నదగ్గరే దారులు వేరయ్యాయి.

7వ వచనంలో "నేడు నిన్ను కనియున్నాను" గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. హీబ్రూలో యాలద్, బిడ్డని కనడం. తెలుగులో కను అంటే చూడటం, బిడ్డని కనడం రెండూను. ఈమధ్య కొందరు దీన్ని "నేడు నిన్ను చూశాను" అని వివరిస్తున్నారు, అది పొరపాటు. తండ్రిని కూడా కన్నతండ్రి అంటాం కదా, ఆ కనడమే ఇది. రాజు సింహాసనం ఎక్కిన రోజే దేవుడికి కొడుకైన రోజు అని ఒక వివరణ, పౌలు కార్యములు 13:33లో దీన్ని యేసు పునరుత్థానానికి ముడిపెట్టాడు. 12వ వచనంలో "కుమారుని ముద్దుపెట్టుకొనుడి" పెద్ద చిక్కు, అక్కడ 7లో ఉన్న హీబ్రూ బేన్ కాకుండా అరమేయిక్ బర్ ఉంది, గ్రీకు అనువాదంలో అసలు కుమారుడే లేడు, ఉపదేశాన్ని పట్టుకోండి అని ఉంది. దాని మీద మాత్రం మెస్సీయ వాదాన్ని నిలబెట్టకండి.

కాబట్టి రెండు చోట్లా అభిషిక్తుడు అనో, రెండు చోట్లా క్రీస్తు అనో మార్చాలా అంటే నేను గట్టిగా చెప్పలేను. కీర్తనలో క్రీస్తు అని పెడితే వ్యాఖ్యానం మూలంలోకి ఎక్కేసినట్టు అవుతుంది, కార్యముల్లో అభిషిక్తుడు అని పెడితే ముడి కనిపిస్తుంది గానీ రెండు వందల ఏళ్ళుగా అలవాటైన చెవికి ఆ ప్రార్థన వేరేగా వినిపిస్తుంది. మీ స్టడీలో మాత్రం రెండు వాక్యాలూ పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించండి. "అభిషేకించబడిన" అని మాత్రం రాయొద్దు, అభిషిక్తుడు అని చక్కటి మాట ఉండగా ఆ బడిన దేనికి? ఫ్లెక్సీ ఇంకా ప్రింటుకి వెళ్ళకపోతే షి దగ్గర గుడి పెట్టించండి, వెళ్ళిపోయి ఉంటే స్టిక్కర్ అయినా అంటించండి.