వలంటీర్లు నడిపే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎన్నికలు దేనికి?

"జీతాల్లేవు, పదవికి కారూ బంగళా లేవు. ఎక్కువ పని చేసేవాడే పెద్ద. మరి ఓపెన్ సోర్స్ వాళ్ళకి ఈ ఎన్నికల గోల ఎందుకు?" అని ఒకరు అడిగారు. (ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి, ఎవరైనా మార్చుకోనిచ్చే సాఫ్ట్‌వేర్.) నేనూ ఒకప్పుడు అచ్చం ఇలాగే మాట్లాడేవాణ్ణి. ఒక గృహప్రవేశానికి వెళ్ళొచ్చాక మానేశాను.

చాలా ఏళ్ళ కిందట హైదరాబాద్‌లో మాదొక చిన్న గుంపు ఉండేది. పదకొండు మందిమి. ఆదివారాలు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ గదిలో కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి మార్చేవాళ్ళం. సగం ఆదివారాలు 'ఫైలు' అనాలా 'దస్త్రం' అనాలా అన్న గొడవకే పోయేవి. (దస్త్రం అనేవాళ్ళు ఇంట్లో ఎప్పుడైనా "ఆ దస్త్రం ఇలా ఇవ్వు" అన్నారా? అడిగితే కోపం. సరే, అది వేరే కథ.) అనువాదాలకు ఆమోదం తెలిపే ఖాతా ఒక్కరి చేతిలోనే ఉండాలన్నారు. ఎవరి చేతిలో అన్న ప్రశ్న రాగానే మాలో పెద్దాయన ఒకరు "ఎందుకండీ పోటీలు, మనసులు విరుగుతాయి, ఏకగ్రీవం చేసేద్దాం" అని ఒకరి పేరు చెప్పారు. చప్పట్లు కొట్టాం. టీ తాగి ఇళ్ళకెళ్ళాం.

ఏడాది తిరిగేసరికి ఆయన కనబడటం మానేశారు. మూడొందల పైచిలుకు వాక్యాలు ఆమోదం కోసం ఎదురుచూస్తున్నాయి, ఆ రాత్రికే గడువు. ఫోన్ ఎత్తరు. నిజాంపేటలో ఆయన కొత్త ఫ్లాట్ గృహప్రవేశం ఆ రోజేనని తెలిసి నేనూ ఇంకో మిత్రుడూ బండేసుకుని వెళ్ళాం. సత్యనారాయణ వ్రతంలో మూడో కథ నడుస్తోంది. పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చున్న మనిషిని పాస్‌వర్డ్ ఎలా అడుగుతాం? ఐదో కథ అయ్యేదాకా ఆగి, ప్రసాదం చేత్తో పట్టుకునే ఆయన్ని టెర్రస్ మీదకి తీసుకెళ్ళాం. పాస్‌వర్డ్ గుర్తులేదట. పాత మెయిల్ తెరుద్దామంటే ఓటీపీ పాత సిమ్‌కి పోతుంది. ఆ సిమ్ ఎప్పుడో పారేశారట.

నాకు ఒళ్ళు మండి "అన్నా, బాధ్యత తీసుకున్నారు కదా" అన్నాను. ఆయన అరచేతిలో ప్రసాదం వంక చూస్తూ "నేనెప్పుడు తీసుకుంటానన్నాను తమ్ముడూ? మీరే చప్పట్లు కొట్టారు" అన్నారు.

నిజమే. ఆయన్ని ఒక్కరం కూడా అడగలేదు.

అప్పట్నుంచి ఏకగ్రీవం అన్న మాట వింటేనే నాకు చిరాకు. మన ఊళ్ళలో పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వమే ప్రోత్సాహక నగదు ఇస్తుంది, ఓటు వెయ్యకుండా ఉన్నందుకు బహుమతి! నన్నడిగితే, మూలపడ్డ వలంటీర్ ప్రాజెక్టుల్లో చాలావాటిని ముంచింది గొడవలు కావు, ఈ మొహమాటమే.

డెబియన్ వాళ్ళు ఈ సంగతి మనకంటే ముందే పసిగట్టారు. కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థను సిద్ధం చేసి పంచే ప్రాజెక్టుల్లో పాతకాపు అది, 1993లో మొదలైంది. 1998లో రాజ్యాంగం రాసుకున్నారు. నాయకుడి పదవి ఏడాదే. నామినేషన్లకు ఒక వారం, ప్రశ్నలూ జవాబులకు మూడు వారాలు, ఓటింగుకు రెండు. సుమారు వెయ్యి మంది డెవలపర్లకు ఓటుంది (నాకు లేదు, నేను డెవలపర్ని కాను, దూరం నుంచి చూసేవాణ్ణి). డిజిటల్ సంతకంతో మెయిల్లో ఓటు పంపుతారు, అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు ఇస్తారు. నాకు నచ్చేది ఆ జాబితాలో చివర ఉండే 'పైవారెవరూ కాదు'. మన నోటా లాంటిదే అనుకోకండి. 2013 నుంచి మన మెషీన్లలో నోటా ఉన్నా, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో దానికెన్ని ఓట్లు పడ్డా అభ్యర్థుల్లో ముందున్నవాళ్ళే గెలుస్తారు. అక్కడ 'ఎవరూ కాదు' గెలిస్తే ఎన్నిక మళ్ళీ మొదట్నుంచి. 2023లో జొనాథన్ కార్టర్ ఒక్కరే నిలబడ్డారు. అప్పటికే ఆయన 2020 నుంచి నాయకుడు. అయినా చప్పట్లతో సరిపెట్టలేదు, 'ఎవరూ కాదు' మీద పోటీ చేసి గెలవమన్నారు. గెలిచారు.

2019లోనైతే మొదటి వారంలో ఒక్కరూ ముందుకు రాలేదు. మనమైతే ఎవరో ఒకర్ని పట్టుకుని శాలువా కప్పేసేవాళ్ళం. వాళ్ళ రాజ్యాంగం ప్రకారం గడువు ఇంకో వారం పెరిగింది, అంతే. ఐదుగురొచ్చారు, ఒకరు తప్పుకున్నారు, శామ్ హార్ట్‌మన్ గెలిచారు. ఓడితే పరువు పోతుందన్న బాధ కూడా అక్కడ తక్కువే. మన పక్క కేరళ నుంచి శ్రుతి చంద్రన్ 2020లో, 2021లో ఓడిపోయి కూడా 2024లో మళ్ళీ నిలబడ్డారు.

ఇక "పని చేసేవాడే పెద్ద" అన్నారు చూడండి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష అలాగే నడిచింది, దాన్ని సృష్టించిన గీడో వాన్ రోసమ్ చేతిలో. ఒక చిన్న గుర్తును భాషలో చేర్చడం మీద జరిగిన వాదనలతో విసిగి 2018 జూలైలో ఆయన పక్కకు తప్పుకున్నారు. ఇప్పుడు అక్కడ ఎన్నికైన ఐదుగురి మండలి ఉంది, అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు.

మా సంగతికొస్తే, ఆ గడువు పోయింది. ఆ విడతలో మెనూలు సగం తెలుగు, సగం ఇంగ్లీషు. కొత్త ఖాతా తెచ్చుకుని ఈసారి చీటీలు రాశాం. అప్పటికి తొమ్మిది మందిమే మిగిలాం. నేనొక్కణ్ణే నిలబడ్డాను. 'ఎవరూ వద్దు' అన్న వరస పెట్టమన్నది కూడా నేనే. నాకు ఐదు, 'ఎవరూ వద్దు'కి నాలుగు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు చేసిన మొదటి పని, పాస్‌వర్డ్ ఇంకో ఇద్దరికి ఇవ్వడం.

డెబియన్‌లో నాయకుడి ఎన్నికలో ఎవరి ఓటు ఎవరికో బయటపడదు. మావి చేతిరాత చీటీలు. ఆ నాల్గింటిలో ఒకటి, నాతో పాటు గృహప్రవేశానికి బండి మీద వచ్చినవాడిది. 'వ' గుండ్రం చూసి గుర్తుపట్టాను. ఇంతవరకు వాణ్ణి అడగలేదు.