పాత చీరల బొంతకు కొత్త గుడ్డ అంచు వేస్తే ఉతికాక ఎందుకు ముడుచుకుంటుంది?

కొత్త నూలు గుడ్డ మొదటి రెండు మూడు ఉతుకుల్లో పొట్టిదవుతుంది, పాత చీర మాత్రం తగ్గాల్సినంత ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. అందుకే రెండూ కలిపి కుడితే కొత్తది పాతదాన్ని లాగేస్తుంది.

మగ్గం మీద పడుగు దారాలను, అంటే గుడ్డ పొడవునా సాగే దారాలను, బిగించి నేస్తారు, తెగకుండా గంజి కూడా పెడతారు. నీళ్లు తగలగానే గంజి వదిలి, నూలు పోగు ఉబ్బి, సాగి ఉన్న దారం వెనక్కి తగ్గుతుంది. అందుకే సాధారణంగా వెడల్పు కంటే పొడవులో ఎక్కువ తరుగు.

నారాయణపేట నూలు చీరల పాత ముక్కలతో బొంత కుట్టి, చుట్టూ కొత్త పోచంపల్లి ఇక్కత్ అంచు వేశారనుకోండి. మీటరుకు 4 సెంటీమీటర్లు తగ్గినా, 2 మీటర్ల అంచు 8 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. మధ్యలో బొంత ఉబ్బుతుంది, మూలలు కాల్చిన అప్పడంలా లేస్తాయి. చేతి సంచికీ ఇదే తిప్పలు: పైన నూలు గుడ్డ తగ్గుతుంది, లోపలి పాలిస్టర్ లైనింగ్ తగ్గక వదులుగా వేలాడుతుంది.

చాలామంది కుట్టు మిషన్ టెన్షన్ (దారం బిగువు) సరిగా లేదనో, గుడ్డ నాసిరకమనో అనుకుంటారు. టెన్షన్ తప్పితే ముడత కుట్టిన రోజే కనిపిస్తుంది. మంచి చేనేత గుడ్డ కూడా తగ్గుతుంది, అది లోపం కాదు. ఇస్త్రీ చేస్తే సరిపోతుందన్నదీ పొరపాటే. కత్తెర పెట్టకముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండకుండా నీడన ఆరేయాలి. ముదురు ఎరుపు ఉంటే విడిగా నానబెట్టండి, రంగు దిగొచ్చు.